తొక్కకూడని షామియానా

గౌరయ్య కాలు ఒకచోట నిలిచేది కాదు. మేడ్చల్‌లో షామియానాలు కుట్టేవాడు. నాలుగు గజాలు కుట్టగానే లేచి బజారంతా తిరిగి వచ్చేవాడు. నా కాలూ అలాంటిదే కనుక స్నేహం కుదిరింది. ఎడారుల్లో మేకవెంట్రుకల డేరాల కింద పడుకున్నాను, వాటి చరిత్రలూ చదివాను. ఎండను గుడ్డతో ఆపే విద్య పాతదే. ఆ ఎండనే పట్టి పని చేయించడం మాత్రం ఇతని దగ్గరే చూశాను.

అది 2006 వేసవి. కొంపల్లి దారంతా ఫంక్షన్ హాళ్ళు లేచి, షామియానా అడిగేవాళ్ళు తగ్గిపోయారు. దూలపల్లిలో చిన్న కార్ఖానా నడిపే భానుప్రకాశ్ ఆరు నల్లటి సోలార్ పట్టీలు తెచ్చాడు. అట్టకంటే పలచన. గుడ్డ మీద కుడితే శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర చేపలమ్మేవాళ్ళకు నీడ, ఈగలు తోలే ఫ్యాను. గురువారం చేపల శాఖ అధికారులు చూసి మెచ్చితే ఇరవై గుడ్డల పని గౌరయ్యకే. లేదంటే మిషన్ అమ్ముకోవడమే.

బుధవారం కట్టి చూశారు. ఫ్యాను గిర్రున తిరిగింది.

"నీ కడుపు సల్లగుండ! ఈగలన్నీ నీ మీదికే వస్తున్నయ్ బావా," అని చేపలమ్మే శంకరమ్మ గౌరయ్యను చూసి నవ్వింది.

సాయంత్రం విప్పి, ఇరవై ఏళ్ళుగా చేసినట్టే నాలుగు మడతలు వేసి, గాలి పోవాలని ఎక్కి తొక్కాడు గౌరయ్య.

గురువారం పొద్దున మళ్ళీ కడితే ఫ్యాను కదల్లేదు. భానుప్రకాశ్ తడిమి చూస్తే రెండు పట్టీలకు పగుళ్ళు.

"ఎవరు జేసిన్రు గిది?"

"అలవాటు సారూ. మడతేస్తే తొక్కుడే."

"ఇగ అధికారులకు మబ్బు పట్టిందని చెప్పాలె," అన్నాడు భానుప్రకాశ్.

శంకరమ్మ తలెత్తింది. "మబ్బు యాడుంది సారూ? నెత్తి మాడుతాంది!"

పగిలిన రెంటినీ తప్పించి తీగలు కలిపితే, ఫ్యాను నీరసంగా తిరిగింది. వచ్చిన పెద్ద అధికారి ముఖం చిట్లించాడు. "ఇంత మెల్లగానా?"

భానుప్రకాశ్ నోరు తెరిచేలోగా గౌరయ్య అనేశాడు. "నేనే తొక్కి ఖరాబ్ జేసిన సారూ."

"రేపు విప్పేవాళ్ళంతా తొక్కరా మరి?"

గౌరయ్య చెప్పులు దూరంగా విడిచాడు. తాళ్ళు విప్పి, వెదురు బొంగు పెట్టి, గుడ్డను చాపలా చుట్టాడు. "గిట్ల సుడితే పగలదు. ఇంకోని చేతికియ్య. దినాం నేనే కడ్త, నేనే విప్పుత."

ఇరవై కాదు, నాలుగిచ్చారు.

తర్వాత మూడేళ్ళు ఆ దారిన ఎప్పుడు పోయినా, భుజాన బొంగుతో కట్ట మీద తిరుగుతూనే కనిపించాడు.

"కూర్చో గౌరయ్యా, చాయ్ తాగుదాం."

"మీరెన్నడన్న కూసున్నరా?"

నిలబడే తాగేవాళ్ళం. ఆయన చూపు మాత్రం గుడ్డల వైపు నడిచేవాళ్ళ కాళ్ళ మీదే ఉండేది.