వదిన చెప్పిన వేడి

ఆ ప్రయోగశాలలో ఆవిడను అందరూ కొలిమి పిన్ని అనే పిలిచేవారు. కోపం వచ్చినా, సంతోషం వచ్చినా గొంతు ఒకటే, వీధి చివరిదాకా వినిపించేది. పక్క గదిలో ఆమె భర్తకు స్వయానా అక్క పనిచేసేది. ఈ వదిన గొంతూ తక్కువదేం కాదు.

వదిన ద్రావణాన్ని గాజు పలక మీద పోసి, ఉల్లిపొరంత పల్చటి ప్లాస్టిక్ పొరలు తీసేది. పిన్ని వాటిని గాలి చొరని కొలిమిలో పెట్టి, నిదానంగా కాల్చి, నల్లటి కార్బన్ పొరలుగా మార్చేది. ఆ పొరల్లో కంటికి కనపడని రంధ్రాలు ఉంటాయి. చిన్న వాయువులు దూరిపోతాయి, పెద్దవి ఇవతలే ఆగిపోతాయి. వేడి పెంచినకొద్దీ రంధ్రాలు బిగుసుకుంటాయి. వాయువులు బాగానే వేరవుతాయి కానీ, అవతలికి పోయేది తగ్గిపోతుంది. పొర కూడా పెళుసుబారుతుంది.

వదినా మరదళ్లు పోట్లాడుకోవడానికి ఇంతకంటే ఏం కావాలి?

"తగ్గించవే తల్లీ! ఏదీ పోనివ్వని జల్లెడ ఎవడిక్కావాలి?" అనేది వదిన.

"అన్నీ పోనిచ్చే జల్లెడ మాత్రం ఎందుకట? నువ్వు పొర తీసి ఊరుకో వదినా, కాల్చడం నా పని!" అనేది పిన్ని.

కొలిమి వేడి మార్చే మీట పిన్ని చేతిలో ఉంది కాబట్టి ఆమె మాటే నెగ్గేది. వదిన మూతి ముడుచుకుని కొలిమి పక్కన స్టూలు మీద కూర్చునేది, చల్లారేదాకా కదిలేది కాదు. ఒకసారి ఆగలేక తలుపు తీసేసింది కూడా. అంత వేడి మీదున్న పొరకు గాలి తగిలింది, అంతే, భగ్గుమంది. చిటికెడు బూడిదైనా మిగల్లేదు. ఇద్దరూ ఉండేది ఒకే ఇంట్లో అయినా, ఆ వారమంతా మాటల్లేవు. "ఉప్పు ఇటివ్వమని మీ అక్కకు చెప్పండి" అంటూ మధ్యలో పిన్ని భర్తతో రాయబారాలు. ఎంత మంచి రోజులవి!

కిందటేడు వదిన జబ్బు చేసి పోయింది. ఆమె తీసిన పొరల్లో ఒక్కటే మిగిలింది, పిన్ని సొరుగులో. ఇప్పుడు పాత కొలిమిని పీకేస్తున్నారు.

"చివరిసారిగా మీకు నచ్చింది కాల్చుకోండి పిన్నీ," అన్నాడు ప్రయోగశాల అధికారి.

పిన్ని ఆ పొరనే కొలిమిలో పెట్టింది. పగిలిందంటే వదిన చేతిది ఇక ఏదీ మిగలదు. అలవాటు కొద్దీ మీటను పైకి తిప్పబోయి ఆగింది.

"సరేలే, ఈ ఒక్కసారికి నీ మాటే కానీ," అని గొణిగి, వదిన ఎప్పుడూ అడిగే వేడి దగ్గరే ఆపేసింది.

చల్లారేలోగా ఆమె చెయ్యి ఎన్నిసార్లు తలుపు మీదికి వెళ్లిందో! ఆ రోజు వదిన ఎందుకు ఆగలేకపోయిందో ఇన్నాళ్లకు తెలిసొచ్చింది. పిన్ని వదిన కూర్చునే ఆ స్టూలు మీదే, చేతులు ఒళ్లో కట్టేసుకున్నట్టు పెట్టుకుని కూర్చుంది.

పూర్తిగా చల్లారాక లేచి తలుపు తీసింది. పొర పగల్లేదు. నల్లగా నిగనిగలాడుతూ చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. పిన్ని దాన్ని తీసుకెళ్లి అధికారికి అందించింది. అతను ఆ గదిలోనే పరీక్ష పెట్టి చూశాడు.

"వాయువు ధారాళంగా పోతోంది పిన్నీ. వేరుచేయడమే అంతంతమాత్రం. ఇంకాస్త వేడి పెట్టుంటే..."

పిన్ని అతన్ని పూర్తి చెయ్యనివ్వలేదు. గిర్రున స్టూలు వైపు తిరిగింది.

"విన్నావా వదినా? నేను నెత్తీ నోరూ కొట్టుకుని చెప్తే ఏనాడైనా విన్నావా?" అని గది దద్దరిల్లేలా అరిచింది.

జవాబు కోసం కాసేపు అలాగే చూసింది. తర్వాత రెండు చేతులతో మొహం కప్పుకుని, చప్పుడు లేకుండా ఏడ్చింది.