డ్రిప్పుతో బేరం

నర్సు ఒప్పుకోని బేరాన్ని సెలైన్ చక్రంతో ఒప్పించిన మొనగాణ్ణి మా కరీంనగర్ బట్టల బజారులో నేనొక్కణ్ణే!

తొంభైలలో హైదరాబాదులో నాకు మా అవ్వ, అంటే కన్నతల్లి, కిడ్నీ అమర్చారు. దాన్ని ఒళ్లు కాదనకుండా ఉండేందుకు ఇచ్చే ఇంజెక్షన్ మందును సెలైన్‌లో కలిపి, "ఆరు గంటలు మెల్లగ ఎక్కాలె" అంది నర్సు.

చెప్పినదాంట్లో సగానికి అడగడం మా ఇంటి ఆచారం. "మూడు గంటలల్ల ఖతం చెయ్యమ్మా" అన్నాను.

"గిది చీర కాదన్నా!"

ఆమె అటు పోగానే గొట్టానికున్న చక్రం తిప్పి డ్రిప్పు వేగం పెంచేశాను. కాసేపటికే చలి, వణుకు, ఆయాసం. నర్సు ఉరికొచ్చి డ్రిప్పు ఆపింది. డాక్టర్లు గండం గట్టెక్కించారు.

కుట్లు పట్టుకుని నడిచొచ్చిన అవ్వ, "నా కిడ్నీ పైస లేకుండ ఫుకట్‌ల వచ్చిందనుకున్నవారా?" అని అందరిముందూ కడిగేసింది.

మిగుల్చుకుందామనుకున్నది మూడు గంటలు. ఆస్పత్రిలో అదనంగా పడుకున్నది నాలుగు రోజులు, అవ్వ తిట్లు కాక.