పంపుగారికి ఒంట్లో బాగోలేదు

మనిషికి జబ్బు చేస్తే చూసి రావడానికి వెళ్ళేవాళ్ళు ఏ వీధిలోనైనా ఉంటారు. వస్తువుకు జబ్బు చేస్తే చూసి రావడానికి వెళ్ళేవాడు మాత్రం ఆ వీధి మొత్తానికీ ఆయన ఒక్కడే. స్టవ్వులు, కుక్కర్లు బాగుచేయడం ఆయన వృత్తి, పలకరింపు ఆయన పిచ్చి. అందుకే అందరూ పరామర్శల బాబాయి అనేవారు. అసలు పేరు ఆయనకైనా గుర్తుందో లేదో.

సంచీ భుజాన వేసుకుని ఏ ఇంట్లోకి వెళ్ళినా మనుషుల వైపు చూసేవాడు కాదు. నేరుగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, గొంతుక్కూర్చుని, బర్నరు మీద చెయ్యివేసి, "ఏమ్మా, దగ్గు తగ్గిందా?" అనేవాడు. కుక్కరు మూత ఎత్తి చూసి, "పాపం, గొంతు పట్టేసింది. రాత్రి పడుకోనిచ్చారా లేదా నిన్ను?" అనేవాడు. ఇంటావిడ నవ్వు ఆపుకుంటూ, "నాకూ మోకాళ్ళ నొప్పులే బాబాయ్, నన్నూ ఓ మాట అడగొచ్చుగా" అంటే, "నీకు అడిగేవాళ్ళున్నారమ్మా. దీనికెవరున్నారు?" అనేవాడు.

ఈ వ్యవహారమంతా ఆయన మేనకోడలికి ప్రాణసంకటంగా ఉండేది. తల్లి పోయాక ఆ పిల్లను ఆయనే పెంచి, తన ఇంటికి రెండిళ్ళ అవతలే కాపురం పెట్టించాడు. భర్త రంగుల మిల్లులో తొట్ల దగ్గర పనివాడు. అతనే కాదు, వీధిలో ముప్పాతిక మంది అన్నం ఆ మిల్లుదే. మిల్లు వెనక గోడ, దాన్ని ఆనుకుని కాలువ, కాలువ ఒడ్డున చేతిపంపు, పంపు దగ్గర మొదలై వీధి. మిల్లులో ఏ రంగు బట్ట ఉడికితే కాలువలో ఆ రంగు పారేది. పంపు నీళ్ళు మాత్రం ఎప్పుడూ ఒకటే రంగు, పలచని పసుపు. బిందెలో కాసేపు ఉంచితే పైన నూనె తెట్టులాంటిది కట్టేది. కుక్కర్ల అడుగున పట్టిన గార గోటికి కాదు, ఉలికి కూడా ఊడేది కాదు.

వీధికి ఇది తెలియక కాదు. మడతల విభాగంలో పనిచేసే ఒకావిడ, కొడుకు చేతుల మీద చర్మం పొరలు పొరలుగా లేచిపోతుంటే, ఆ చేతులు పట్టుకుని మిల్లు గేటు దగ్గరికి వెళ్ళి, "ఇదేంటో చెప్పండి" అని సూటిగా అడిగింది. వారం తిరక్కుండా ఆవిడకీ మొగుడికీ పని పోయింది. సామాను బండి మీద వేసుకుని వాళ్ళు వెళ్ళిపోతుంటే వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి చూసింది, ఒక్కరూ పలకలేదు. ఆ రోజు నుంచి అందరూ నోరు మూసుకుని ఆ నీళ్ళే తాగారు. మంచినీళ్ళ కుళాయి ఉన్నది రైలుపట్టాల అవతల. మిల్లు కూతకు పరుగెత్తే వాళ్ళకు అంత దూరం వెళ్ళే తీరిక లేదు.

బాబాయి నోరు మూసుకోలేదు. అలాగని ఎవరూ పట్టుకోదగ్గ మాటా అనలేదు. పొద్దున్నే పనికి వెళ్తూ పంపు దగ్గర ఆగి, దాని చెయ్యి పట్టుకుని నాడి చూసేవాడు. తర్వాత టీకొట్టు బల్ల మీద కూర్చుని దిగులుగా తల ఆడించేవాడు.

"ఎలా ఉన్నారు బాబాయ్ పంపుగారు?" అని కొట్టువాడు అడిగేవాడు.

"ఏం చెప్పమంటావు. రాత్రంతా పసరు కక్కుకున్నారు. పొద్దున్నకి పసుపుపచ్చగా అయిపోయారు."

"కామెర్లేమో. డాక్టరుకి చూపించకపోయారా?"

"చూపించాం. పక్కింటివాళ్ళ గాలి పడటం లేదన్నాడు."

బల్ల మీదున్న వాళ్ళందరి కళ్ళూ మిల్లు గొట్టం వైపు తిరిగేవి. నవ్వు గొంతులో పడి ఒకడికి పొలమారేది. సరిగ్గా అప్పుడే మిల్లు ఫోర్‌మన్ అటు వచ్చి, "ఏంటయ్యా ఆ ఇకిలింపులు?" అనేవాడు. "మా పేషెంటు సంగతి సార్. మీ ఆరోగ్యం బాగుందా?" అనేవాడు బాబాయి వినయంగా. పంపుకు కామెర్లన్నారని ఎవరి ఉద్యోగమైనా తీసేయవచ్చా అన్నది ఫోర్‌మన్‌కు చివరిదాకా తేలలేదు.

మేనకోడలు మాత్రం ఆ నవ్వులు విన్నప్పుడల్లా ఆయన్ని ఇంటికి పిలిచి నిలదీసేది.

"నీ వేళాకోళాలకి ఏదో ఒకరోజు మా ఆయన పని పోతుంది మావయ్యా. అప్పుడు మా ఇద్దరికీ నువ్వు పెడతావా?"

"నేనేమన్నానే? ఒంట్లో ఎలా ఉందని అడిగాను. అడగడం కూడా తప్పేనా?"

"అడిగితే మనుషుల్ని అడుగు."

ఆ మాట వినగానే ఆయన సంచీ తీసుకుని లేచిపోయేవాడు. ఆ మాట వెనక ఏముందో ఇద్దరికీ తెలుసు. కిందటేడు ఆమెకు తొలికాన్పులో పుట్టిన ఆడపిల్ల ఏడవలేదు. తెచ్చిన గుడ్డలోనే తీసుకుపోయారు. ఆ వీధిలో అలా జరగడం అదే మొదటిసారి కాదు గనక, ఎలా ఓదార్చాలో ఆడవాళ్ళందరికీ అలవాటే. ఒకావిడ జావ తెచ్చింది, ఒకావిడ తల దువ్వింది, ఒకావిడ ఊరికే పక్కన కూర్చుంది. కన్నబిడ్డలా పెంచిన మావయ్య మాత్రం ఒక్క మాట అడగలేదు. వంటగదిలో కూర్చుని, బాగానే ఉన్న స్టవ్వును ముక్కలు ముక్కలుగా విప్పి, సాయంత్రం దాకా తుడిచి, మళ్ళీ బిగించి వెళ్ళిపోయాడు. కుక్కరుకి గొంతునొప్పి వస్తే కరిగిపోయే మనిషికి నేను కనిపించలేదా అని ఆమె ఆ బాధను లోపలే దాచుకుంది.

ఇప్పుడు ఆమెకు మళ్ళీ నెల తప్పింది. భర్తకు కూడా చెప్పలేదు. చెబితే ఆశ పడతాడని భయం. రోజూ దేవుడి ముందు దీపం పెట్టి, అదే పంపు నీళ్ళు కాచి, వడకట్టి, కళ్ళు మూసుకుని తాగేది. ఈ బిడ్డయినా ఏడవాలన్నది తప్ప ఆమెకు ఇంకో కోరిక లేదు.

ఒకరోజు మంట సరిగా రావడం లేదంటే బాబాయి వచ్చాడు. పక్కింట్లోంచి తాలింపు ఘాటు వచ్చేసరికి ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి ఆయన కుక్కరును ఒళ్ళో పెట్టుకుని, అడుగున ఉన్న పచ్చని గారను వేలితో తడుముతున్నాడు. బర్నరు బాగుచేశాడు. సంచీ సర్దుకున్నాడు. పొయ్యినిగానీ కుక్కరునుగానీ ఒక్క మాట పలకరించలేదు.

"ఏంటి మావయ్యా, ఇవాళ నీ చుట్టాలతో మాటల్లేవా?"

"బాగానే ఉన్నార్లే" అని చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున బిందెలతో వెళ్ళిన ఆడవాళ్ళకు పంపు కనిపించలేదు. తెల్లని దుప్పటి నిండా కప్పి ఉంది. గట్టు మీద బాబాయి తలమీద తువ్వాలు వేసుకుని కూర్చున్నాడు.

"తెల్లవారుజామున పోయారమ్మా. ఎక్కువ బాధపడలేదు" అన్నాడు.

దుప్పటి పక్కకు తీసి చూస్తే పంపు చెయ్యి వాలిపోయింది. ఎత్తి వదిలితే పట్టులేకుండా వేలాడుతోంది. ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఆ నవ్వుకు మిగతా ఇళ్ళవాళ్ళు వచ్చారు. పనికి వెళ్ళే మగవాళ్ళు ఆగారు. కిరాణాకొట్టు ఆవిడ కొంగు కళ్ళకద్దుకుని, "అయ్యో, మొన్న కూడా బాగానే మాట్లాడిందే" అని రాగం తీసింది.

"ఊరికే ఏడిస్తే ఎలాగమ్మా. పోయినవాళ్ళు నీకేం చేశారో ఒక మాట చెప్పు" అన్నాడు బాబాయి.

"నాకా? నా జుట్టంతా పట్టుకుపోయింది" అంది ఆవిడ, జడ ముందుకు లాగి చూపిస్తూ. ఎలకతోకంత జడ. మళ్ళీ నవ్వులు.

"నా పళ్ళు తీసుకుంది" అన్నాడు మిల్లు కాపలాదారు, బోసినోరు తెరిచి. "పైసా పుచ్చుకోలేదు. పాపం, మంచిది."

"మా మేకల్ని తీసుకెళ్ళింది" అన్నారెవరో. "మా వాడి చేతుల మీద చర్మం కూడా ఇప్పుడు ఆ పిల్లాడికిలాగే లేచిపోతోంది" అని ఇంకెవరో అన్నారు. ఆ మాటకు సగం మందే నవ్వారు. తర్వాత మాట్లాడిన వాళ్ళకు నవ్వించాలన్న సంగతి గుర్తు లేదు. ఒకావిడ తన మామగారి కడుపులో కాసిన కాయ గురించి చెప్పింది. ఒకావిడ ఏదో చెప్పబోయి, ఖాళీ బిందెను పొట్టకు అదుముకుని ఊరుకుంది. ఇన్నేళ్ళూ గేటు ముందు నిలబడి ఎవరూ అడగలేనివన్నీ, దుప్పటి కప్పిన ఇనుపగొట్టం ముందు ఒకటొకటిగా బయటికి వచ్చాయి. మిల్లు కూత వినిపించినా కాసేపు ఎవరూ కదల్లేదు.

మేనకోడలు వెనకాల నిలబడి ఉంది. అందరి చూపులూ తన మీదికి వస్తున్నాయని తెలిసి, "నా బిడ్డని" అంది. బాబాయి తువ్వాలు ఇంకాస్త కిందికి లాక్కున్నాడు.

మధ్యాహ్నానికి నీళ్ళ ఆఫీసు నుంచి మెకానిక్కు వచ్చాడు. మూత విప్పి చూసి, "ఇందులో ఏముందమ్మా, గొలుసు ఊడింది. చిటికెలో అయిపోతుంది" అని పానా తీశాడు. కాపలాదారు తల్లి, నడుం వంగిన ముసలావిడ, వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"పోయినవాళ్ళని లేపకు నాయనా."

అతను నవ్వి చుట్టూ చూశాడు. నవ్వుతున్నవాళ్ళు ఎవరూ కనిపించలేదు. ఆడవాళ్ళంతా పంపు చుట్టూ నిలబడి ఉన్నారు.

"మరి ఆఫీసులో ఏమని చెప్పమంటారు?"

"పోయిందని చెప్పు" అంది కిరాణాకొట్టు ఆవిడ.

పంపుకు బదులు ఆఫీసు నుంచి నీళ్ళ లారీ రావడానికి చాలా రోజులు పట్టింది. అందాకా వీధి వీధంతా పట్టాలు దాటి వెళ్ళి మోసుకొచ్చుకుంది. మేనకోడల్ని మాత్రం బాబాయి గడప దాటనివ్వలేదు. రోజూ సైకిలుకు రెండు క్యాన్లు కట్టుకుని వచ్చి గుమ్మంలో దింపి, "ఎండన పడి వచ్చారు, కాసేపు నీడలో కూర్చోండి" అని వాటికి మర్యాద చేసేవాడు.

"మావయ్యా, ఆ గొలుసు విప్పింది నువ్వే కదూ?" అని ఒకరోజు ఆమె అడిగింది.

"నేనా? రామరామ."

"పంపు తెల్లవారుజామున పోయిందన్నావు. దుప్పటికి ఇస్త్రీ మడతలు కూడా చెదరలేదు. అంత సిద్ధంగా ఎవరు పెట్టుకుంటారు?"

ఆయన దొరికిపోయినవాడిలా చెవి గోక్కున్నాడు.

"విరగ్గొట్టేవాడివి ఏనాడో విరగ్గొట్టలేకపోయావా?"

"ఊరికే విరగ్గొడితే ఏముందే. సాయంత్రానికి బాగుచేసి పోతారు, మీరు బిందెలు పెడతారు. అది పోయిందని మీరే ఒప్పుకోవాలి కదా. అంతకుముందు కొన్నాళ్ళు దానికి జబ్బు చేయాలి. ఇంకా కొంతకాలం మంచాన ఉంచుదామనుకున్నాను. నీ సంగతి చూశాక ఆగలేకపోయాను."

ఆమె గడప మీద కూర్చుంది. తర్వాత అడిగింది. "మరి కిందటేడు నన్నెందుకు అడగలేదు, ఎలా ఉన్నావని?"

"అడిగితే నువ్వు చెబుతావు. వినే ధైర్యం నాకేదే?" అన్నాడాయన, క్యాను మూత బిగిస్తూ. ఆ మూత అప్పటికే బిగించి ఉంది.

మిల్లు ఆగలేదు. కాలువలో రంగులు పారుతూనే ఉన్నాయి. లారీ వచ్చే రోజుల్లో వీధి క్యూ కట్టేది. ఒక ఉదయం ఆ క్యూ దగ్గరికి ఫోర్‌మన్ వచ్చి, సరిగ్గా మేనకోడలి ముందు ఆగాడు. అప్పటికి ఆమెకు నెలలు నిండవస్తున్నాయి.

"పంపు పాడుచేసింది మీ మావయ్యేనని విన్నాను. నిజమేనా? మీ ఆయన మా దగ్గరే కదమ్మా పని. ఆలోచించుకుని చెప్పు."

క్యూ అంతా ఇటు తిరిగింది. కొంచెం అవతల, అరుగు మీద ఎవరిదో కుక్కరు విప్పుకుని కూర్చున్న బాబాయి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఇలాంటి ప్రశ్నకే భయపడుతూ బతికిన ఆ పిల్ల, బిందె కిందపెట్టి, కొంగు సర్దుకుని, చావు కబురు చెప్పేవాళ్ళలా గొంతు తగ్గించింది.

"పాడుచేయడం ఏంటండీ, దానికి ఎప్పటినుంచో ఒంట్లో బాగోలేదు. మీరొక్కసారి వచ్చి చూసి వెళ్ళాల్సింది. చివరిదాకా మీ గురించే అడుగుతూ పోయింది."

ముందు ముసలావిడ నవ్వింది. తర్వాత క్యూ మొత్తం నవ్వింది. లారీ డ్రైవరు పైపు పట్టుకుని నవ్వుతుంటే నీళ్ళు ఫోర్‌మన్ బూట్ల మీద పడ్డాయి. ఆ మాటకు ఆమె మొగుడి పని తీయించాలంటే ఆ మాట పైవాళ్ళకు చెప్పాలి. చెబితే వాళ్ళూ నవ్వుతారు. ఫోర్‌మన్ తడిసిన బూట్లు విదిలించుకుంటూ వెళ్ళిపోయాడు.

బాబాయి తలెత్తలేదు. ఒళ్ళో ఉన్న కుక్కరు మీదికి వంగి, ఇంకెవరికీ వినపడకుండా, "మా అమ్మాయే" అని చెప్పాడు.