నడక పందెం తబస్సుమ్

కాజీపేట స్టేషన్‌లో నల్లకోటు వేసుకుని టికెట్లు చూస్తున్న తబస్సుమ్‌ను చూస్తే, ఆమె ఒకప్పుడు దేశం తరఫున పోటీకి దిగిన మనిషని ఎవరూ అనుకోరు. పొట్టిగా, సన్నగా ఉంటుంది. టికెట్ లేని కుర్రాళ్లు ఆమెను చూసి మెల్లగా జారుకోబోతారు గానీ, ప్లాట్‌ఫాం చివరికి చేరేసరికి ఆమె వాళ్ల పక్కనే ఉంటుంది. పరుగెత్తదు. నడిచే వస్తుంది.

ఆమె ఆటే నడక. నడక పందెంలో ఏదో ఒక పాదం ఎప్పుడూ నేలను తాకుతూ ఉండాలి, ముందుకు వేసిన కాలు మోకాలి దగ్గర వంగకూడదు. ఆ రెండు నియమాలకూ లోబడి వేగంగా పోవాలంటే నడుము అటూ ఇటూ తిరుగుతుంది. చూసేవాళ్లకు నవ్వొస్తుంది. ఆమె చిన్నప్పుడు రైల్వే క్వార్టర్ల మధ్య రోడ్డు మీద సాధన చేస్తుంటే, లోకోషెడ్‌లో ఫిట్టరుగా పనిచేసే తండ్రి జలాల్ వెనకాలే సైకిల్ మీద వచ్చేవాడు, నవ్వేవాళ్ల వంక చూడకుండా. అలా నడిచి నడిచి ఆమె జాతీయ పతకాలు తెచ్చుకుంది. ఆసియా పోటీల దాకా వెళ్లింది. రైల్వే ఉద్యోగం కూడా ఆ నడక పెట్టిందే. ముప్పై దాటాక కూడా డ్యూటీకి ముందు నడవడం మానలేదు. ఒక్కటే వెలితి. ఈ ఊళ్లో ఆమెతో కలిసి నడిచేవాళ్లు లేరు.

వరంగల్ కాశిబుగ్గలో ఒక హైస్కూలు ఉంది. అక్కడ ఆటలు నేర్పే మహిపాల్ సారు ఒకరోజు ఆమెను బడికి పిలిచాడు, పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని. తబస్సుమ్‌కు మాటలు రావు. కష్టపడాలని, పొద్దున్నే లేవాలని ఏదో చెప్పింది. పిల్లలు మర్యాదగా చప్పట్లు కొట్టారు. ఒకసారి నడిచి చూపించమని సారు అడిగితే మైదానం చుట్టూ నడిచింది. బడి బడంతా నవ్వింది. అది ఆమెకు అలవాటే.

తర్వాత వరండాలో టీ తాగుతుంటే నీళ్ల నల్లా దగ్గర మళ్లీ నవ్వులు వినిపించాయి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె తబస్సుమ్‌ను అనుకరిస్తూ అటూ ఇటూ నడుస్తోంది. స్నేహితురాళ్లు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. మహిపాల్ సారు ముఖం ఎర్రబడింది. తిట్టడానికి లేవబోతే తబస్సుమ్ చెయ్యి అడ్డుపెట్టింది. ఆమె ఆ పిల్ల కాళ్లనే చూస్తోంది. మడమ ముందు ఆనుతోంది, మోకాలు నిటారుగా నిలుస్తోంది, నడుము తిరగాల్సినంతే తిరుగుతోంది. అది పట్టుబడడానికి తబస్సుమ్‌కు శిక్షణ శిబిరంలో ఒక చలికాలమంతా పట్టింది.

ఆమె దగ్గరికి వెళ్లగానే నవ్వులు ఆగిపోయాయి.

"సారీ మేడమ్," అంది ఆ పిల్ల తల దించుకుని.

"సారీ ఎందుకు? జర మల్ల నడిచి చూపెట్టు."

పిల్ల నడిచింది, ఈసారి భయంభయంగా. భయంలోనూ మోకాలు వంగలేదు.

"నీ పేరేంది? ఏం ఆడుతవు?"

"మానస, మేడమ్. ఏం ఆడ. ఉరికితె అందరికన్న ఎనుక ఉంట."

"నవ్విచ్చుడు తప్ప దానికేం రాదు మేడమ్," అన్నాడు సారు.

"నవ్విచ్చుడే మంచిగయింది సర్. ఆదివారం ఈ పిల్లను నా దగ్గరికి తోలుండ్రి."

మడికొండ వైపు కొత్త ప్లాట్ల మధ్య వేసిన రోడ్లు నున్నగా, ఖాళీగా ఉంటాయి. అక్కడ మొదలైంది వాళ్ల సాధన. మానస మొదట సరదాకే వచ్చింది. తబస్సుమ్ ఆమెకు మందలింపులూ ఉపదేశాలూ ఇవ్వలేదు, పక్కన నడిచింది, అంతే. భుజాలు బిగిస్తే వేలితో తట్టేది. దమ్ము అందకపోతే వేగం తగ్గించేది. కొన్నాళ్లకు మానస 'మేడమ్' మానేసి 'అక్కా' అనడం మొదలుపెట్టింది. బడికి పోయేటప్పుడు కూడా అలాగే నడిచేది.

చిక్కు అక్కడే వచ్చింది. మానస తండ్రి మల్లికార్జున్‌కు వరంగల్ బజారులో గిన్నెల దుకాణం ఉంది. ఒక ఆదివారం అతను బండి మీద మడికొండకే వచ్చాడు.

"మేడమ్, మీరు పెద్ద ప్లేయరు, కాదంటలేను. కని నీ బిడ్డ ఏంది గట్ల నడుస్తాందని దుకాణానికొచ్చినోళ్లు అడుగుతాండ్లు. ఉరుకుడు నేర్పుతె నేర్పుండ్రి. గిది మాత్రం వద్దు."

తబస్సుమ్ రోడ్డు మలుపు వైపు చెయ్యి చూపించింది.

"అన్నా, ఒక్కసారి ఆమె పక్కన నడువుండ్రి, ఆ మలుపు దాక. తర్వాత మీరెట్లంటె అట్ల."

అదేం పెద్ద పనని అతను బండి స్టాండు వేసి బిడ్డ పక్కన నడక మొదలుపెట్టాడు. నాలుగు అడుగులకే వెనకబడ్డాడు. పెద్ద పెద్ద అంగలు వేశాడు. ఆ తర్వాత జేబులోని ఫోను ఒక చేత్తో అదిమి పట్టుకుని ఉరికాడు. మలుపు రాకముందే నడుం మీద చేతులు పెట్టి నిలబడిపోయాడు. మానస మలుపు దాకా పోయి తిరిగొచ్చింది.

"ఎప్పటి సంది పోతానవే గిట్ల?" అన్నాడు దమ్ము తీసుకుంటూ.

"ఎండకాలం సంది, నాయినా."

 అతను బండి స్టార్ట్ చేసి, "దుకాణంల అడిగెటోళ్లకు నేను చెప్పుకుంట," అని వెళ్లిపోయాడు.

ఆ ఏడు జిల్లా పోటీల్లో మానస అనాయాసంగా గెలిచింది. రాష్ట్ర పోటీలకు హైదరాబాద్ వెళ్లారు. అక్కడ ట్రాక్ చుట్టూ న్యాయనిర్ణేతలు నిలబడ్డారు. రెండు పాదాలూ ఒకేసారి గాల్లోకి లేస్తున్నా, మోకాలు వంగుతున్నా మొదట పసుపు పలక చూపించి హెచ్చరిస్తారు. అయినా సరిచేసుకోకపోతే ఎర్ర కార్డు రాస్తారు. ముగ్గురు రాస్తే ఆట ముగిసినట్టే. మానస పసుపు పలకను చూడడం అదే మొదలు. కంగారులో ఇంకా వేగం పెంచింది. రెండో స్థానంలో ఉండగా, చివరి చుట్టులో ఆమెను బయటికి పంపేశారు.

తిరుగు రైల్లో మానస కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఆలేరు దాటాక నోరు విప్పింది.

"అక్కా, నేను ఉరకలె."

"ఉరకలె. కని పాదాలు రెండూ లేసినయి. నేను సుత చూసిన."

"నీకెన్నడన్న గిట్లయిందా?"

"అయింది. రెండుసార్లు."

"మరి తెల్లారి ఏం జేసినవ్?"

తబస్సుమ్ గుర్తుచేసుకుంది. "బట్టలు పిండుకున్న. పొద్దుగూకినంక మల్ల నడిచిన."

 మరుసటి ఆదివారం మానస మడికొండ రోడ్డు మీదికి వచ్చింది.

కానీ తబస్సుమ్‌కు మనసు కుదుటపడలేదు. జిల్లా పోటీల్లో పందెం చూసి తప్పు చెప్పగలిగేవాళ్లు లేరు. అందుకే గెలిచిన పిల్లకు తన తప్పు పరాయి చోట, చివరి చుట్టులో తెలిసింది. న్యాయనిర్ణేత కావడానికి పరీక్ష ఒకటుంటుందని ఆమెకు తెలుసు. అది సరిగ్గా రైల్వే జట్టు శిబిరం రోజుల్లోనే పడింది. ఆ శిబిరానికి పోకపోతే ఆ ఏడాది పోటీలు లేనట్టే. ఆమె వయసుకు ఆ తర్వాతి ఏడాది మీద ఆశ లేదు.

"ఇంకో ఏడాది ఆడొచ్చు గదనే," అన్నాడు తండ్రి జలాల్.

"ఆడొచ్చు అబ్బా. ఇంకో మెడల్ తెస్తె మనింట్లనే ఉంటది."

 శిబిరం మొదలైన రోజు ఆమె అక్కడికి పోలేదు, స్టేషన్‌లో తన డ్యూటీ తాను చేసుకుంది. పరీక్ష మాత్రం రాసింది, నెగ్గింది.

తర్వాతి ఏడు హనుమకొండలో జిల్లా పోటీలు జరిగాయి. న్యాయనిర్ణేతగా ఉండమని అడిగితే, తన దగ్గర నేర్చుకునే పిల్ల పందెంలో ఉందని ఆమె ముందే చెప్పింది. ఇంకెవరూ లేరు, హైదరాబాద్ నుంచి వచ్చే ఇద్దరితో పాటు మీరూ ఉండక తప్పదన్నారు. మానస మొదటి నుంచీ ముందుంది. మూడో చుట్టులో ఆమె పాదాలు లేవడం తబస్సుమ్ కంటపడింది. ఒక్క క్షణం పలక బరువుగా తోచింది. పైకెత్తింది. మానస ఆ పసుపు రంగునూ, ఆ పలక పట్టుకున్న మనిషినీ చూసి, నమ్మలేనట్టు ముందుకే పోయింది. మళ్లీ చుట్టు తిరిగొచ్చినప్పుడు కూడా పాదాలు లేస్తూనే ఉన్నాయి. తబస్సుమ్ ఎర్ర కార్డు రాసింది. కాసేపటికి ఎర్ర కార్డుల లెక్క చూపే బోర్డు మీద మానస నంబరు పక్కన ఒక ఎర్ర గుర్తు పడింది. అప్పుడు మానస అడుగు కుదించింది. నేలను తాకుతూ నడిచింది. ఆ ఏడే నడకలోకి వచ్చిన కాజీపేట పిల్ల ఒకతె ఆమెను దాటేసింది. మానస రెండో స్థానంలో పందెం పూర్తిచేసింది.

మల్లికార్జున్ వచ్చి తబస్సుమ్ ఎదుట నిలబడ్డాడు.

"మీరే రాస్తిరి గద మేడమ్."

"అవునన్నా, నేనే రాసిన."

అతను బిడ్డ వైపు చూశాడు. మానస బూట్ల లేసులు విప్పుతూ అంది, "నాయినా, రాయకపోతె నేను గట్లనే పోదును. మల్ల హైదరాబాద్‌ల బయటికి తోలుదురు."

రాష్ట్ర పోటీల్లో ఆమెకు మూడో స్థానం వచ్చింది. గీత దాటగానే మానస పతకం సంగతి అడగలేదు. బోర్డు వైపు చెయ్యి చూపించి, "నా మీద ఎన్నున్నయి అక్కా?" అంది.

"ఒక్కటి సుత లేదు."

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు మానసకు అక్కడ వచ్చింది.

ఆ తర్వాతి ఆదివారం రైళ్లు ఆలస్యమై తబస్సుమ్‌కు డ్యూటీ పొడిగించారు. సాధన ఇవాళ వద్దని చెబుదామని మానసకు ఫోన్ చేసింది. ఆవలివైపు గాలి చప్పుడు, వేగంగా పడుతున్న అడుగుల చప్పుడు వినిపించాయి. జిల్లా పోటీల్లో మానసను దాటిపోయిన కాజీపేట పిల్ల కూడా అక్కడే ఉందట, తన చెల్లెలిని వెంటబెట్టుకుని.

"మేం మొదలువెట్టినం అక్కా," అంది మానస. "నువ్వు నిమ్మలంగ రా."