వాళ్ళమ్మ మాట

ఒక ఉద్యోగం నేను దొంగిలించాను. ఇన్నేళ్ళుగా ఈ మాటని లోపలే కుక్కుకుని తిరుగుతున్నాను, నిద్రలో పైకి అనేస్తానేమోనని భయపడుతూ. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. చెప్పవలసిన మనిషికి మాత్రం చెప్పలేకపోయాను.

ఆమె పేరు మార్చి జానకి అంటాను. పెదబయలు అవతల కొండ మీద వాళ్ళ ఊరు, వాళ్ళ కాఫీ తోట. మేము మైదానం నుంచి వచ్చి అరకులో స్థిరపడ్డవాళ్ళం. నాన్నది చిన్న టిఫిన్ హోటల్. డిగ్రీలో జానకిదీ నాదీ ఒకే బెంచీ. చదువు అయిపోయిన ఏడు, విశాఖపట్నంలో కాఫీ షాపుల కంపెనీ ఒకటి బరిస్టాలు కావాలని ప్రకటించింది. బరిస్టా అంటే రకరకాల కాఫీలు చేసి ఇచ్చే పని. ఇద్దరం బయలుదేరాం. ఆ ఉద్యోగం రాకపోతే జానకికి మళ్ళీ తోట పనే. నాకు హోటల్లో ప్లేట్లు.

బస్సు ఘాట్ రోడ్డు దిగుతున్నంతసేపూ జానకి ఒకటే కంగారు. తన గురించి చెప్పమంటే ఏం చెప్పాలని. "మీ అమ్మ కాఫీ తాగిన సంగతి సెప్పీవే" అన్నాను. అవును, నేనే అన్నాను. వాళ్ళమ్మ చిన్నప్పటి నుంచీ కాఫీ పళ్ళు కోస్తున్నా, కాఫీ రుచి ఎరగదు. ఒకసారి సంతకి వచ్చి, రోడ్డు పక్క స్టాల్లో పంచదార వెయ్యని నల్లకాఫీ మొదటిసారి తాగింది. ఒక్క గుక్క తాగి గ్లాసు దించేసి, "మన పండు తియ్యన, ఈ నీళ్ళు సేదు. మద్దెలో తీపంతా ఎవులు తీసేసుకున్నారే?" అందట. ఆ మాట చెప్పి జానకి నవ్వింది. నేనూ నవ్వాను.

ముందు నన్నే పిలిచారు. లోపల ఒక సారు, ఒక మేడమ్. కాఫీతో మీకేం సంబంధం అని అడిగారు. ఫోన్లో వీడియోలు చూసి బట్టీ పట్టిందంతా ఎటు పోయిందో తెలియదు. సారు నా చిరునామా చూసి, "అరకా? తోటల కుటుంబమా?" అన్నారు. కాదండి అంటే సరిపోయేది. అవునండి అన్నాను. ఆ తర్వాత, "మా అమ్మ..." అని మొదలుపెట్టాను.

ముందే అనుకున్నానా? ఎన్నిసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నానో. లేదు, ప్రమాణం చేసి చెబుతాను, అనుకోలేదు. కానీ మేడమ్ పెన్ను పక్కన పెట్టి వింటోందని గమనించినప్పుడు, అక్కడే ఆగి, ఇది నాది కాదండి, బయట కూర్చున్న అమ్మాయిది అనడానికి కావలసినంత వ్యవధి ఉంది, ఆ వ్యవధిలో నేను చేసిందల్లా అమ్మ చేతులు ఎలా గీరుకుపోయి ఉంటాయో కూడా కల్పించి చెప్పడం. మా అమ్మ ఒక్క కాఫీ పండు కూడా కోసి ఎరగదు. మరి అనుకోలేదని ఏ నోటితో అనను?

బయటికి వచ్చాక, ఆ సంగతి ఎత్తకు అని జానకికి చెప్పి ఉండవలసింది. చెబితే ఎందుకని అడుగుతుంది. "బాగా సెప్పు" అని భుజం తట్టి లోపలికి పంపాను. ఈ ఒక్కటి తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

జానకి తొందరగానే వచ్చేసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏటయిందే?" అన్నాను.

"నాను అబద్ధం సెప్తన్నానంట. ఒకలు సెప్పిందే మల్లీ సెప్పొద్దన్నారు. నేర్సుకొచ్చిన కథలంట."

నేను సంచి తీసి భుజానికి తగిలించుకున్నాను.

"మాయమ్మ మాటే, అబద్ధమెలాగవుద్ది? నాను సెప్తే నమ్మబుద్ది కాదేటే? నా మొగం అలాగుంటాదా?"

"వదిలీవే. ఆళ్ళంతే. బేగి పద, బస్సెల్లిపోద్ది" అన్నాను.

ఉద్యోగం నాకు వచ్చింది. జానకి నాకంటే ఎక్కువ సంతోషపడింది. షాపులో మేనేజరు ఆ మాటని కొత్తవాళ్ళందరికీ చెప్పేవాడు, "వీళ్ళమ్మ ఏమందో తెలుసా?" అంటూ. నేను పక్కనే నిలబడి నవ్వేదాన్ని. ఇంకేం చెయ్యను? ఒక్కసారి కాదంటే మొత్తం కూలిపోతుంది. ఇది భయమా, స్వార్థమా? రెండిటికీ తేడా ఉందని కొన్నాళ్ళు నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

జానకి ఆ తర్వాత మరే ఇంటర్వ్యూకీ వెళ్ళలేదు.

మొన్న పళ్ళు కోసే రోజుల్లో, ఏమైనా సరే చెప్పేద్దామని వాళ్ళ ఊరు వెళ్ళాను. జానకి తోటలో ఉంది. నన్ను చూసి బుట్ట దించి పరుగెత్తుకొచ్చింది. అంతలో టూరిస్టులు కొందరు కారు దిగి, మీ కాఫీ గురించి చెప్పమ్మా అని ఆమెనే అడిగారు. జానకి తల అడ్డంగా ఊపి, నా వెనక్కి జరిగింది.

"ఇది సెప్తాదండి. నాను సెప్తే నమ్మబుద్ది కాదు. ఇది సెప్తే ఎవులైనా నమ్ముతారు" అంది. ఎగతాళి కాదు. మనస్ఫూర్తిగా అంది.

వాళ్ళు నా వైపు తిరిగారు. నేను చెప్పాను. పళ్ళు ఎప్పుడు ఎర్రబడతాయో, ఎలా కోస్తారో, అన్నీ. జానకి పక్కన నిలబడి, నేను చెప్పిన ప్రతిదానికీ తల ఊపింది. సాయంత్రం అంబలి పోసి, బస్సు దాకా వచ్చి ఎక్కించింది. నేను వచ్చిన పని చెప్పకుండానే తిరిగి వచ్చేశాను.

ఆమె దగ్గర తెరవని నోరు ఇక్కడ తెరుస్తున్నాను. దీనివల్ల జానకికి ఒరిగేదేమీ లేదు, తెలుసు. అయినా ఒక్కరికైనా చెప్పాలి. ఆ రోజు జానకి అబద్ధం చెప్పలేదు. అది వాళ్ళమ్మ మాటే. అబద్ధం చెప్పింది నేను.