తలకో చేప

ఆ యేడు మొత్తం మీద పోయినవి ఇవి: కిలోన్నర దాటిన తల్లిచేపలు మూడు, పోతుచేపలు నాలుగు, ఒక గాజు సిరంజి, ఆ సిరంజి ఎరువిచ్చిన కంపౌండరుగారితో నా స్నేహం, ఎనభై ఆరు చేప తలకాయలు. చేపలు మావే. తలకాయలు మాత్రం విజయవాడలో మా వీధిలోని కతోలికుల ఇళ్ళవి. అందుకే ఆ పద్దు ఇంకా ముగియలేదు.

డెబ్భైల నాటి మాట. మా అక్క చల్లపల్లి దగ్గర పల్లెలో ఉండేది. బావ పోయాక అత్తింటివాళ్ళు ఆమెకు ఎకరం పల్లపు చేను చూపించారు. కాలవ కట్టేసిన నెలకు కూడా నీళ్ళు దిగని చేను. అక్క దాన్ని చెరువుగా తవ్వించింది. చేపపిల్లలు అప్పట్లో కలకత్తా నుంచి రైల్లో తగరపు డబ్బాల్లో వచ్చేవి. బెజవాడ స్టేషన్లో మూత తీసేదాకా, కొన్నది పిల్లల్నో ఎరువునో తెలిసేది కాదు. పారే ఏట్లో తప్ప గుడ్లు పెట్టని జాతి అది. అయినా పిల్లల్ని చెరువులోనే పుట్టించాలని అక్క పట్టుబట్టింది.

ఆమె మరిదికి ఇదంతా నవ్వులాట. "వదినా, ఆగస్టు మొదటివారానికి చెరువులో పిల్ల కనబడకపోతే గట్టు కొట్టేసి నాట్లేయిస్తాను. కాగితాల్లో పొలం ఇంకా ఉమ్మడే, మర్చిపోమాకండి" అన్నాడు.

చేపలశాఖ నుంచి ఒకాయన జీపులో వచ్చి ఉపాయం చెప్పాడు. చేప మెదడు కింద ఆవగింజంత గ్రంథి ఉంటుంది, పేరు పిట్యూటరీ. దాన్ని తీసి స్పిరిట్లో దాచి, నూరి, నీళ్ళలో కలిపి తల్లిచేపకు సూది వేస్తే చెరువులోనే గుడ్లు పెడుతుంది. కిలోకి ఎన్ని మిల్లీగ్రాములో కూడా చెప్పి, జీపెక్కుతూ ఒక మాట అన్నాడు. "మెచ్యూర్ అయిన చేపల గ్లాండే తీయాలి సుమండీ!"

మన ఇళ్ళల్లో ఆ మాటకు ఒకటే అర్థం. అక్క పైట సర్దుకుని, జీపు మలుపు తిరిగాక అడిగింది.

"చేపలక్కూడానా?"

"ఆయన చెప్పాడుగా. అయిందో లేదో మనకెట్టా తెలుస్తుందక్కా?"

"కేజీ దాటితే అయినట్టే లేరా. ఒకసారి అయినాక మళ్ళీ మళ్ళీ అవుతారా ఎవరన్నా?"

ఆ తర్కంలో నాకు లోపం కనబడలేదు. నేను బెంజ్ సర్కిల్ దగ్గర లారీ ఆఫీసులో పద్దులు రాసేవాణ్ణి. చదువు స్కూలు దగ్గరే ఆగింది గాని, త్రైరాశికం నోటికొచ్చు.

కేజీ దాటిన చేపలు మా వీధికి దండిగా వచ్చేది తపస్సు కాలంలో. ఈస్టరు ముందు నలభై రోజుల్లో ఏ శుక్రవారమూ మాంసం ముట్టరు, ఇంటింటా చేపే. కత్తి, సీసా పట్టుకుని గుమ్మం గుమ్మం తిరిగాను. గ్రంథి తీయాలంటే కపాలం చెక్కాలి, చెక్కిన తల పులుసుకు పనికిరాదు. "తలకాయ పులుసులో తలకాయే లేకపోతే ఇంకేముందండీ, చింతపండు నీళ్ళు తప్ప!" అన్నారు ఆడవాళ్ళు. అక్కకు చెబితే, "చెరువు పట్టినప్పుడు తలకో చేప ఇస్తామనరా" అంది. ఆ మాటతో తలుపులు తెరుచుకున్నాయి. పక్కింటి మేస్టారు ఒక్కరే పద్నాలుగు తలకాయలిచ్చారు.

కంసాలి త్రాసులో తూచాను. ఇరవై గ్రంథులు ఒక గురువింద గింజకు సరితూగాయి. గింజ ఎన్ని మిల్లీగ్రాములో తెలుసు గనక మిగతాది కూడికలూ భాగారాలే.

జులైలో అసలు పని. చెరువులో గుడ్డతొట్టి కట్టి ఒక తల్లికీ రెండు పోతులకూ చెప్పిన కొలతకు సూది వేశాం. గుడ్డు లేదు. నలిగిపోయి తల్లి చచ్చింది, ఒక పోతు చచ్చింది. వారం తర్వాత నాలుగింతలు వేశాం. మళ్ళీ అంతే. చచ్చినవాటిని రెండుసార్లూ తలతో సహా పులుసు పెట్టుకుని తిన్నాం. మూడోసారి సీసాలో మిగిలిన యాభై చిల్లర గ్రంథులూ ఒంపేశాం. మరొక తల్లి, రెండు పోతులు పోయాయి. లెక్క అప్పుడూ సరిగ్గానే ఉంది, ఇప్పుడు వేసి చూసినా సరిగ్గానే ఉంటుంది.

మిగిలింది ఒక తల్లి, రెండు పోతులు. గడువు రెండు రోజులు. సీసా ఖాళీ. అక్క చచ్చిన చేపలకేసి చూసింది.

"మూడు తలకాయలున్నయ్యిగా. తియ్యి."

"యాభై గ్రంథులకి కదలంది మూడింటికి కదులుద్దా అక్కా?"

"కదలకపోతే పొయ్యేదేముంది, పులుసేగా! తియ్యరా."

తీశాను. సాయంత్రం సూదులు వేశాం. తెల్లారేసరికి తొట్టి నిండా గుడ్లు. మరిది పార భుజాన వేసుకుని గడువుకు ఒకరోజు ముందే వచ్చేశాడు. చెయ్యి ముంచి చూశాడు.

"ఇదేంది వదినా, సగ్గుబియ్యం పోశారా?"

"ఔనయ్యా, పాయసం కాస్తన్నాం. రేపు రా, కదులుద్ది."

మర్నాడు కదిలింది. పార తెచ్చినందుకు గట్టు మీద మట్టి కాస్త సర్ది వెళ్ళాడు.

జరిగిందేమిటో చాలా ఏళ్ళకు పుస్తకాలు చదివితే తెలిసింది. గుడ్లు పెట్టించే హార్మోను తాలూకు జన్యువు ఆ గ్రంథిలో ఏడాది పొడవునా ఉంటుంది, కానీ ఏడాది పొడవునా పనిచేయదు. పగలు పెరగాలి, నీళ్ళు వేడెక్కాలి, మెదడు నుంచి కబురు రావాలి. అప్పుడే సరుకు తయారవుతుంది. సీజను అయిపోగానే కొట్టు కట్టేస్తుంది. అంటే చేప ఏటేటా మెచ్యూర్ అవుతుంది. తపస్సు కాలంలో మేము పోగుచేసినవి మూసి ఉన్న కొట్లు. త్రాసుకు కొట్టు బరువు తెలుస్తుంది గాని లోపల సరుకుందో లేదో తెలియదు. జులైలో చచ్చిన చేపల్లో సరుకు నిండుగా ఉంది. పారే వరద నీళ్ళు లేక, చెరువు చేప దాన్ని లోపలే దాచుకుంటుంది. మొదటి రెండుసార్లూ ఆ మందు మేము తిని, చేపకు ఉత్త పొడి ఎక్కించామన్నమాట.

మరుసటి యేడు చెరువు పట్టాక చేపలు తట్టల్లో మా వీధికి తెచ్చి పంచాను. డెబ్భై రెండు పుచ్చుకున్నారు. మేస్టారు మాత్రం గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టారు.

"పిల్లలు పుట్టే సూది వేసిన చేపలంట గదండీ?"

"సూది వీటి తల్లికండీ, వీటిక్కాదు."

"తల్లికేస్తే పిల్లలకి రాకుండా ఉంటుందా? మాకు ఐదుగురు. మొన్ననే ఎర్ర త్రికోణం కుటుంబ నియంత్రణ వాళ్ళ దగ్గర ఆపరేషన్ చేయించుకొచ్చాను. వాళ్ళు మూసింది మీ చేప తెరిస్తే ఎవరండీ జవాబుదారీ?"

కొన్నాళ్ళకు ఆయనకు మైలవరం బదిలీ అయింది. అక్కడికి రెండుసార్లు చేపలు పట్టుకెళ్ళాను. రెండోసారి వెళ్ళేసరికి ఆయనకు రిటైర్మెంటు కూడా అయిపోయింది. కాఫీ ఇచ్చారు, అక్క చెరువు ఎన్ని ఎకరాలైందో అడిగారు, చేపలు వెనక్కిచ్చారు.

"ఇంకా భయమేనటండీ?" అన్నాను.

"భయం కాదండీ. ఇన్నాళ్ళూ వద్దని ఇప్పుడు తింటే, అప్పుడు నేనన్నది తప్పనేగా? ఉండనివ్వండి."

ఉంది. పద్దులో బాకీ, పద్నాలుగు చేపలు.