నఫూసా గొంతు

బహరీ చేపల బజారులో చేపలు శుభ్రం చేసే నఫూసా జగ్రూతా వేస్తే సముద్రం ఒక్క క్షణం ఆగేది. పెళ్ళికూతురు గడప దాటగానే ఆడవాళ్ళు నాలుక ఆడిస్తూ గొంతెత్తి వేసే ఆ సంబరపు కేక అలెగ్జాండ్రియాలో ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. నఫూసాది వేరు. ఒకసారి సైప్రస్ వెళ్ళే ఓడ ఆ కేక విని, విందుకు పిలుస్తున్నారనుకొని రేవుకు తిరిగొచ్చింది. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని మా కాన్వెంటు సిస్టర్లు చెప్పేవారు. నాది ఇంకా ఎర్రగానే ఉంది.

అరవై రెండో ఏట ఆమె గొంతు బొంగురుపోయింది. కొడుకు రగబ్ ఆసుపత్రికి తీసుకెళితే గొంతులోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. ఫలితం వచ్చిన రోజు అతనొక్కడే లోపలికి వెళ్ళాడు.

"వాపేనమ్మా. చిన్న ఆపరేషన్‌తో పోతుంది" అన్నాడు బయటికొచ్చి.

మాలో ఆ జబ్బు పేరు ఎవరూ పలకరు. "ఆ జబ్బు" అంటాం, అదీ గుసగుసగా. రోగికి అసలే చెప్పం, దిగులుతో ముందే పోతారని. ఆపరేషన్‌కు ఒప్పుకునే కాగితం మీద ఇంటివాళ్ళే సంతకం పెడతారు. రగబ్ పెట్టేశాడు. వీధంతటికీ తెలిసింది, ఆమెకు తప్ప.

ఆ వారం ఆమెతో ఎవరూ బేరమాడలేదు. కోడలు అడక్కుండానే టీలో నాలుగు చెంచాల పంచదార వేసింది. నఫూసా ఇదంతా కలలో చూస్తున్నట్టు చూసింది. పొరుగింటి పిల్ల పెళ్ళికి ముందటి గోరింటాకు సాయంత్రం నఫూసా కేకకని నోరు తెరిచేసరికి, పిల్ల తల్లి గబుక్కున ఆ నోట్లో మిఠాయి పెట్టి, "గొంతుకి కాస్త విశ్రాంతివ్వక్కా" అంటూ మొహం తిప్పుకుంది.

"శవానికి కూడా ఇంత మర్యాద చెయ్యరే!" అంది నఫూసా. అప్పుడర్థమైంది ఆమెకు.

మర్నాడు ఆసుపత్రికి ఒంటరిగా ట్రామెక్కింది. సముద్రపు మంచులో ట్రాము నీళ్ళ మీద తేలినట్టు, చప్పుడు లేకుండా సాగింది.

"మీ అబ్బాయి చెప్పొద్దన్నాడు పెద్దమ్మా" అంది డాక్టర్ నజ్లా.

"గొంతు వాడిదా, నాదా?"

"నీదే."

"అయితే ఆ కాగితం నాకు చదువు. చేప ముల్లు తీసినట్టు, నెమ్మదిగా."

డాక్టరు తలుపు మూసి, జబ్బు పేరు పలికి, అంతా చెప్పింది. "ఆపరేషన్లో గొంతుపెట్టె తీసేస్తాం. ఊపిరి మెడకు పెట్టిన రంధ్రంలోంచి. ఈ గొంతు ఇక ఉండదు. జబ్బు పోయే అవకాశం మాత్రం ఎక్కువ. లేదంటే ఏడు వారాలు కిరణాల వైద్యం. మాట మిగలొచ్చు, బొంగురుగానైనా. కాని జబ్బు తిరిగొచ్చే భయం ఎక్కువ. వస్తే ఆపరేషనే దిక్కు."

"ఆపరేషనయ్యాక కోడల్ని తిట్టొచ్చా?"

"మొదట్లో పలక మీద రాసి."

"నేను రాసేలోపు అది వీధి చివర ఉంటుంది." ఇద్దరూ నవ్వారు. "నువ్వైతే ఏం చేస్తావు?"

"ఆపరేషనే చేయించుకుంటాను. కాని నాకు నీలా కేక వెయ్యడం రాదు."

మూడు రోజులు నఫూసా సముద్రపు గోడ మీద కూర్చుంది. చేపలు ఒక్కొక్కటే ఒడ్డుకొచ్చి సలహా చెప్పాయి. కొన్ని కోయించుకోమన్నాయి, కొన్ని వద్దన్నాయి. కత్తి సంగతి వాటికి తెలుసుగా! అన్నీ విని, ఏ చేప మాటా పట్టించుకోకుండా లేచింది.

నాలుగో రోజు రగబ్‌ను వెంటబెట్టుకొని డాక్టరు ముందు కూర్చుంది.

"కిరణాలే."

రగబ్ ఏడ్చేశాడు. "మాట లేకపోతేనేం అమ్మా? నువ్వుంటే నాకు చాలు."

"నీకు చాల్రా నాయనా. నాకు చాలదు." అతని తల నిమిరి, పాత కాగితం మీద అతని సంతకాన్ని అడ్డంగా కొట్టేసింది. కొత్త కాగితం మళ్ళీ చదివించుకొని, తన పేరు వంకరటింకరగా, పూర్తిగా రాసింది.

"తిరిగొస్తే?" అంది డాక్టరు, దాచకుండా.

"వస్తే అప్పుడు మళ్ళీ అడుగు. వాణ్ణి కాదు, నన్ను."